మాల్దీవులతో సంబంధం మళ్లీ గాడిన పడటానికి అసలు ఏయే పనులు జరిగాయి? (చర్చ)

#1 తీరరేఖ

2023 నవంబర్ 17న మాల్దీవుల అధ్యక్షుడిగా ముయిజ్జు ప్రమాణస్వీకారం చేశాడు. మర్నాడే, వేడుకకు వెళ్లిన మన మంత్రి కిరణ్ రిజిజు ఎదుట, భారత సైనికులు వెళ్లిపోవాలని కోరాడు. 2025 జులై 26న ఆ దేశపు 60వ స్వాతంత్ర్య దినోత్సవానికి అదే ముయిజ్జు మన ప్రధానిని ముఖ్య అతిథిగా కూర్చోబెట్టాడు. మధ్యలో గడిచింది ఇరవై నెలలు.

టీవీ చర్చల్లో దీనికి రెండే వివరణలు వినిపిస్తున్నాయి. ఒకటి, మన పర్యాటకులు బుద్ధి చెప్పారు. రెండు, వాళ్ల దగ్గర డాలర్లు అయిపోయాయి. రెండింటిలోనూ కొంత నిజం ఉండొచ్చు. కానీ అధికారుల స్థాయిలో ఏ పని ఏ వరుసలో జరిగింది, ఎక్కడ బెడిసికొట్టింది, ఎందుకు? తెలిసినవాళ్లు వివరంగా రాస్తే బాగుంటుంది. నినాదాలు వద్దు, దయచేసి.

#2 పాతదస్త్రం

ముందు సైనికుల సంగతి చూద్దాం. మిగతా వ్యవహారాలన్నీ దీని దగ్గరే చిక్కుకుని ఆగాయి.

అక్కడ మనవి మూడు విమానాలు ఉండేవి. అద్దు పగడపు దీవుల్లోని గన్‌లో ఒక ధ్రువ్ హెలికాప్టర్, లాములోని కధ్ధూలో ఇంకో ధ్రువ్, ఉత్తరాన హనీమాధూలో ఒక డోర్నియర్. వీటిని నడిపే, మరమ్మతు చేసే మనవాళ్లు మూడు చోట్లా కలిపి ఎనభై దరిదాపుల్లో ఉండేవారు. ప్రధానంగా చేసే పని దూరపు దీవుల నుంచి రోగుల్ని రాజధాని మాలేకి తేవడం, సముద్రంలో తప్పిపోయినవాళ్లను వెతకడం, గస్తీ. అంతకుమించి అక్కడ స్థావరం లాంటిదేమీ లేదు. కానీ వాళ్లు యూనిఫాంలో ఉన్న విదేశీ సైనికులు. ఎన్నికల సభలో ఆ ఒక్క మాట చాలు.

ఇక వరుస:

2023 డిసెంబర్ 1న దుబాయ్ వాతావరణ సదస్సులో ఇద్దరు నేతలు కలిసి ఉన్నత స్థాయి కోర్ గ్రూప్ వేద్దామనుకున్నారు. 2024 జనవరి 14న మాలేలో మొదటి భేటీ. అక్కడ వాళ్లు మార్చి 15 గడువు అడిగారు. ఫిబ్రవరి 2న ఢిల్లీలో రెండో భేటీ. ఒప్పందం కుదిరింది ఇక్కడే: మార్చి 10 లోపు ఒక చోట, మే 10 లోపు మిగతా రెండు చోట్లా సైనికుల స్థానంలో సివిలియన్ సాంకేతిక సిబ్బంది వస్తారు, విమానాలు మాత్రం ఎగురుతూనే ఉంటాయి. ఫిబ్రవరి చివరి వారంలోనే మొదటి సివిలియన్ బృందం అద్దుకు చేరింది. సైనికులు కదలకముందే వాళ్లు దిగడం, పని అప్పగించుకోవడం ముఖ్యం. లేకపోతే మధ్యలో ఖాళీ రోజులు వస్తాయి, ఆ రోజుల్లో ఏ దీవిలోనో గుండెపోటు వస్తే రెండు దేశాలూ ఒకరినొకరు తిట్టుకోవాలి. మే 10 నాటికి చివరి సైనికుడు కూడా వచ్చేశాడు.

ముయిజ్జు ఇచ్చిన మాట నెగ్గింది, మన విమానాలు నిలిచాయి. ఈ పరిష్కారంలో గొప్ప తెలివేమీ అక్కర్లేదు. అక్కర్లేని పంతం వదిలేయడం మాత్రం కావాలి. 2018లో అప్పటి అధ్యక్షుడు యమీన్ హయాంలో ఇదే హెలికాప్టర్ల గొడవ వచ్చింది. గడువు తీరిన పత్రం, రెన్యూ కాని వీసాలు, తీసుకెళ్లిపొమ్మనే మాటలు. అప్పుడు ఏదీ తేల్చకుండా లాగారు, ఆ ఏడాది ప్రభుత్వమే మారిపోవడంతో తప్పించుకున్నాం. ప్రతిసారీ ఎన్నికలు మనల్ని గట్టెక్కించవు.

#3 గోదారిగట్టు

ఇంత కథ దేనికండీ. ఖజానా ఖాళీ అయింది, వచ్చారు. డబ్బు ఇస్తే వచ్చే నమ్మకం డబ్బు ఆగితే పోతుంది.

#4 లెక్కలపుస్తకం

గోదారిగట్టు గారూ, డబ్బు మాట నిజమే. కానీ ఎలా ఇచ్చారన్నది చూడండి, అక్కడే అసలు విషయం ఉంది.

మొదటిది టీ-బిల్లులు. మాల్దీవుల ఆర్థికశాఖ ఏడాది గడువుతో ట్రెజరీ బిల్లు జారీ చేస్తుంది, మాలేలోని స్టేట్ బ్యాంక్ దాన్ని కొంటుంది. రెండు ప్రభుత్వాల మధ్య ఏర్పాటు కాబట్టి వడ్డీ భారం లేదు. గడువు రాగానే కట్టాలి, లేదా మరో ఏడాదికి పొడిగించమని అడగాలి. 2024 మేలో 5 కోట్ల డాలర్ల బిల్లు పొడిగించారు. సెప్టెంబర్‌లో ఇంకో 5 కోట్లు. మే పొడిగింపు తేదీని పైన పాతదస్త్రం గారు రాసిన మే 10 పక్కన పెట్టి చూడండి. సైనికుల వ్యవహారం తేలిన వారంలోనే వాళ్ల విదేశాంగ మంత్రి మూసా జమీర్ ఢిల్లీలో ఉన్నాడు, ఆ వెంటనే బిల్లు పొడిగింపు వార్త వచ్చింది.

రెండోది కరెన్సీ స్వాప్. 2024 అక్టోబర్‌లో ముయిజ్జు ఢిల్లీ వచ్చినప్పుడు 40 కోట్ల డాలర్లు, దానితోపాటు 3,000 కోట్ల రూపాయలు, సార్క్ స్వాప్ చట్రం కింద. ఇది గ్రాంటు కాదు. వాళ్ల కేంద్ర బ్యాంకైన ద్రవ్య సంస్థ తమ కరెన్సీ రుఫియా ఇస్తుంది, మన రిజర్వ్ బ్యాంక్ డాలర్లు ఇస్తుంది, గడువు తీరాక ఎవరివి వాళ్లు వెనక్కి తీసుకుంటారు. వాడుకున్నదానికి వడ్డీ ఉంటుంది. ఒప్పందం 2027 జూన్ వరకు. సరిగ్గా ఆ అక్టోబర్‌లోనే వాళ్లు సుకూక్ (ఇస్లామిక్ పద్ధతి) బాండ్ల మీద దాదాపు 2.5 కోట్ల డాలర్ల వాయిదా కట్టాలి. ఎగవేస్తారేమోనని మార్కెట్ భయపడుతోంది, రేటింగ్ సంస్థలు గ్రేడు తగ్గించాయి. ఆ సమయంలో పొరుగు దేశపు కేంద్ర బ్యాంకు వెనక నిలబడిందన్న కబురే సగం పని చేస్తుంది.

మూడోది 2025 జులైలో ఇచ్చిన రుణం, 4,850 కోట్ల రూపాయలు. మొదటిసారి రూపాయల్లో ఇచ్చారు. పాత డాలర్ రుణాల మీద ఏటా కట్టాల్సింది 5.1 కోట్ల డాలర్ల నుంచి 2.9 కోట్లకు తగ్గించారు. డాలర్ల కోసం కొట్టుకుంటున్న దేశానికి కొత్త అప్పు కన్నా ఈ తగ్గింపే ఎక్కువ ఉపశమనం.

ఇక ఇందులో తేడా ఎక్కడంటే, ఏ విడతనీ "మీరు ఫలానాది చేస్తేనే" అని బహిరంగంగా ముడిపెట్టలేదు. వాళ్లు అడిగారు, ఇచ్చాం అన్నట్టే ప్రకటనలు ఉన్నాయి. లోపల ఏం మాట్లాడుకున్నారో వాళ్లకే ఎరుక. బయటికి మాత్రం ముయిజ్జుకు తలవంపు కాలేదు.

#5 గోదారిగట్టు

అంటే నేను చెప్పిందే కొంచెం మర్యాదగా చెప్పారు :)

#6 లెక్కలపుస్తకం

కొంతవరకు అవును. కానీ చైనా దగ్గరా డబ్బుంది కదా? 2018లో మాలేకి, విమానాశ్రయం దీవికి మధ్య వంతెన కట్టింది చైనాయే. ముయిజ్జు పదవిలోకొచ్చాక ఢిల్లీ కన్నా ముందు, 2024 జనవరిలో బీజింగ్ వెళ్లాడు. 2017లో సంతకమైన చైనా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం 2025 జనవరి 1 నుంచి అమలైంది. అయినా గడువు దగ్గరపడ్డ వేళ రోజుల్లో డబ్బు సర్దింది మనవైపు నుంచే. స్టేట్ బ్యాంక్ అక్కడ 1974 నుంచి ఉంది. దారి ముందే వేసి ఉండబట్టి సాధ్యమైంది. పాత అప్పుల వాయిదాలు మార్చే విషయంలో చైనా అంత తొందరపడలేదు.

#7 ఉప్పుగాలి

డబ్బు గురించి చాలా రాశారు. గుడ్ల గురించి నేను రాస్తాను. నవ్వకండి.

1981 నాటి వాణిజ్య ఒప్పందం ప్రకారం నిత్యావసరాలు ఏటా ఎంత పంపొచ్చో మన విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ (డీజీఎఫ్‌టీ) నోటిఫికేషన్ ఇస్తుంది. 2024-25కి ఇచ్చిన కోటా, ఒప్పందం మొదలయ్యాక అన్నింటికన్నా పెద్దది: గుడ్లు దాదాపు 42.75 కోట్లు, బియ్యం 1.24 లక్షల టన్నులు, గోధుమపిండి 1.09 లక్షల టన్నులు, చక్కెర 64 వేల టన్నులు, ఉల్లి 35 వేల టన్నులు, బంగాళాదుంపలు 21 వేల టన్నులు, పప్పు 224 టన్నులు. నది ఇసుక, కంకర చెరో 10 లక్షల టన్నులు. తిండి సరుకులకు 5 శాతం పెంచితే ఇసుక, కంకరకు 25 శాతం పెంచారు.

తేదీ గమనించండి: 2024 ఏప్రిల్ మొదటి వారం. సంబంధాలు అడుగుకు పోయిన రోజులవి. సోషల్ మీడియా మండిపోతోంది, సైనికుల్లో సగంపైగా ఇంకా తిరిగి రాలేదు. అప్పుడు వచ్చిన పెద్ద కోటా అది. అంతకుముందు ఏడాది మనం బియ్యం, చక్కెర, ఉల్లి ఎగుమతుల మీద ప్రపంచమంతటికీ ఆంక్షలు పెట్టినప్పుడు కూడా మాల్దీవుల కోటా ఆగలేదు.

ఇసుక, కంకర ఎందుకంత ముఖ్యమంటే, పగడపు దీవుల్లో నది ఉండదు, కొండ ఉండదు. కాంక్రీటు పోయాలంటే రెండూ పడవలో రావాల్సిందే. కంకర ఆగితే ఇళ్లు, రేవులు, మనం కడుతున్న వంతెన, అన్నీ ఆగుతాయి.

#8 చిన్నప్రశ్న

ఐదు లక్షల పైచిలుకు జనాభాకి 42 కోట్ల గుడ్లా? మనిషికి ఏడాదికి 800 పైన. ఎవరు తింటున్నారండీ?

#9 ఉప్పుగాలి

కోటా అంటే గరిష్ఠ పరిమితి, అంతా పంపాలని కాదు. దానికి తోడు ఏడాదికి 20 లక్షల మంది పర్యాటకులు. రిసార్టుల్లో పొద్దున బఫే ఒక్కటి చాలు. కావాలని పరిమితి ఎక్కువ పెడతారు, మధ్యలో మళ్లీ అడగాల్సిన అవసరం రాకుండా.

#10 పాతదస్త్రం

ఉప్పుగాలి గారు చెప్పినదాని వెనక చేదు అనుభవం ఉంది. 2018-19కి ఇదే కోటా బాగా తగ్గించారు. యమీన్ అత్యవసర పరిస్థితి విధించడం, హెలికాప్టర్ల గొడవ, అన్నీ ముదిరిన సమయం. అధికారికంగా కారణం ఏదైనా మాలే బజారులో దాన్ని శిక్షగానే చదువుకున్నారు. యమీన్ వైఖరి మారలేదు. ఉల్లి ధర మండింది గృహిణికి. తర్వాత, భారత సైనికులు వెళ్లిపోవాలనే "ఇండియా అవుట్" ఉద్యమ సభల్లో ఇలాంటివన్నీ ఏకరువు పెట్టారు.

తిండి సరుకుని ఒకసారి కొరడాగా వాడితే, ఎదుటివాడు వెంటనే ఇంకో దుకాణం వెతుకుతాడు. 2024 మొదట్లో ముయిజ్జు బియ్యం, పిండి, చక్కెర టర్కీ నుంచి తెస్తామన్నాడు. దూరం ఎక్కువ, ఖర్చు ఎక్కువ, అయినా ఆ ఆలోచన ఎందుకొచ్చిందో అర్థం చేసుకోవాలి.

#11 రాజాంవైపు

ఇందులో మన తెలుగువాళ్లకు నేరుగా సంబంధమున్న అధ్యాయం ఒకటుంది, ఎవరూ ఎత్తలేదు: మాలే విమానాశ్రయం, జీఎంఆర్. వ్యవస్థాపకుడు గ్రంధి మల్లికార్జునరావు గారిది రాజాం. 2010లో అప్పటి అధ్యక్షుడు నషీద్ ప్రభుత్వం జీఎంఆర్, మలేసియా ఎయిర్‌పోర్ట్స్ కూటమికి 25 ఏళ్లకి విమానాశ్రయం అప్పగించింది. 51.1 కోట్ల డాలర్ల ప్రాజెక్టు. 2012 నవంబర్ చివర్లో తర్వాతి ప్రభుత్వం రద్దు చేసింది, డిసెంబర్‌లో స్వాధీనం చేసుకుంది. సింగపూర్ మధ్యవర్తిత్వంలో ఒప్పందం చెల్లుతుందని 2014లో తేలింది, 2016లో దాదాపు 27 కోట్ల డాలర్ల పరిహారం నిర్ణయమైంది. మాల్దీవులు కట్టింది కూడా.

ఇక్కడ "చైనా చేయించింది" అని తేల్చేసేవాళ్లు చాలామంది. నాకు మాత్రం గొడవ మొదలైన చోటు చాలా చిన్నదనిపిస్తుంది. ఒప్పందంలో విదేశాలకు బయల్దేరే ప్రతి ప్రయాణికుడి నుంచి 25 డాలర్ల అభివృద్ధి రుసుము వసూలు చేసుకోవచ్చని ఉంది. ఆ రుసుముకు పార్లమెంటు చట్టం లేదు. ప్రతిపక్షం కోర్టుకెళ్లింది, 2011 డిసెంబర్‌లో సివిల్ కోర్టు చెల్లదంది. అప్పుడు ఆ సొమ్మును విమానాశ్రయాన్ని నడిపే హక్కుకు ప్రభుత్వానికి ఇవ్వాల్సిన రుసుములోంచి మినహాయించుకోవడానికి సర్కారు ఒప్పుకుంది. 2012 ఫిబ్రవరిలో నషీద్ దిగిపోయాడు. కొత్త ప్రభుత్వం ఖాతాలు తెరిస్తే, విమానాశ్రయం నుంచి రావాల్సిన సొమ్ము కరిగిపోయి కొన్నిసార్లు తామే ఎదురు బాకీ పడ్డట్టు కనిపించింది. జనానికి ఇది వివరించగలరా? "మన విమానాశ్రయం, మనమే వాళ్లకు డబ్బు కట్టాలి" అన్న ఒక్క వాక్యం ఊరంతా పాకింది.

రుసుముకు ముందే చట్టం చేయించి ఉంటే? ఒప్పందం సంతకానికి ముందు ప్రతిపక్షంతో మాట్లాడి ఉంటే? చెప్పలేం గానీ, చేతికి అందే ఆయుధం ఒకటి తగ్గేది. ఒక పార్టీ అధికారంలో ఉండగా హడావుడిగా సంతకమైన పాతికేళ్ల ఒప్పందం, ఐదేళ్లకోసారి ఎన్నికలొచ్చే చోట నిలవాలంటే రెండో పార్టీ చెయ్యి కూడా దాని మీద పడాలి.

#12 తీరరేఖ

రాజాంవైపు గారూ, ధన్యవాదాలు. దీనికి అనుబంధంగా ఒక సందేహం. ఒప్పందాలు రహస్యంగా ఉంచారన్న ఆరోపణ "ఇండియా అవుట్"లో పదే పదే వచ్చింది. అందులో పస ఎంత?

#13 ద్వీపదర్శి

పస కొంత ఉంది. ఆరోపణలన్నీ నిజమని కాదు. కానీ అబద్ధం మొలవడానికి కావాల్సిన చీకటి మనవాళ్లే ఇచ్చారు.

వాళ్ల 2008 రాజ్యాంగంలో 251వ అధికరణం ఉంది. విదేశీ సైనిక ప్రయోజనాలకు దేశ భూభాగంలో ఏ భాగాన్నైనా ఇవ్వాలంటే వాళ్ల పార్లమెంటు మజ్లిస్‌లో మొత్తం సభ్యుల్లో మెజారిటీ ఒప్పుకోవాలి. ఈ అధికరణం ఊరికే రాలేదు. గన్‌లో బ్రిటిష్ వైమానిక స్థావరం 1976 దాకా ఉండేది. 1959లో అద్దు, మరో రెండు దక్షిణ పగడపు దీవుల సముదాయాలు కలిసి వేరే దేశంగా ప్రకటించుకున్నాయి, 1963 దాకా నడిచింది ఆ గొడవ. వెనక బ్రిటిష్‌వాళ్లున్నారని మాలే అనుమానం. కాబట్టి దక్షిణాన విదేశీ యూనిఫాం అనగానే వాళ్లకు దేశం చీలిక గుర్తొస్తుంది. ఇది తెలియకుండా "అంబులెన్స్ హెలికాప్టరే కదా, ఎందుకింత భయం" అనడం మన అజ్ఞానం. అదే అద్దులో మనం పెద్ద పోలీసు అకాడమీ కట్టించి ఇచ్చాం, 2022లో ప్రారంభమైంది. కాన్సులేట్ పెడతామన్నాం. ఒక్కొక్కటి విడిగా చూస్తే మామూలే, మూడూ ఒకే చోట కుప్పపడితే అక్కడి మనిషికి వేరేలా కనిపిస్తుంది.

2021 ఫిబ్రవరిలో ఉతురు తిలా ఫల్హులో తీరరక్షక దళపు రేవు కట్టడానికి, దాన్ని నిర్వహించడంలో తోడ్పడటానికి ఒప్పందం కుదిరింది. పూర్తి పాఠం బయటపెట్టలేదు. కొన్నాళ్లకు ఏదో పత్రం లీకయిందని ప్రచారం, అది నౌకా స్థావరమేనని ఊహాగానాలు, అప్పటి అధ్యక్షుడు సోలిహ్ ప్రభుత్వం ఖండనలు. 2022 ఏప్రిల్‌లో "ఇండియా అవుట్" ప్రచారాన్ని నిషేధిస్తూ అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద దెబ్బ ఈ నిషేధమే. అప్పటిదాకా ఒక వర్గం గోల, నిషేధంతో అది భావప్రకటనా స్వేచ్ఛ సమస్య అయింది.

జలసర్వే కూడా అంతే. 2019లో సంతకం, మూడుసార్లు సర్వేలు జరిగాయి. సముద్రం అడుగు లోతు కొలిచి పటాలు గీయడం ఓడల భద్రతకు తప్పనిసరి పని. కానీ ఆ కొలతలు జలాంతర్గాములకూ పనికొస్తాయి. ముడి కొలతలు ఎవరి సర్వర్లో ఉంటాయి, పటం అమ్మకం ఎవరిది, ఎవరికి కాపీ వెళ్తుంది? ఇవి జనానికి చెప్పలేదు. 2023 డిసెంబర్‌లో పొడిగించబోమన్నారు, 2024 జూన్‌తో ముగిసింది.

ఇలాంటి ఒప్పందానికి నాకు తోచే కనీస జాగ్రత్తలు ఇవి. సంతకం రోజే వాళ్ల భాష ధివేహిలో రెండు పేజీల సారాంశం బయటపెట్టాలి: మనుషులు ఎందరు, ఎవరి ఆదేశాల మీద పనిచేస్తారు, ఏ తేదీతో ముగుస్తుంది, ఎవరు ఎప్పుడు రద్దు చేసుకోవచ్చు. సైనిక రహస్యాలు వేరే అనుబంధంలో పెట్టుకోవచ్చు, దాన్ని మజ్లిస్ భద్రతా కమిటీకి మాత్రం చూపించాలి. కొలతల అసలు ప్రతి మాలేలో ఉండాలి, మనకు కాపీ.

#14 చిన్నప్రశ్న

ఇదంతా ఢిల్లీ ఒప్పుకున్నా మాలే ప్రభుత్వమే బయటపెట్టొద్దంటే?

#15 ద్వీపదర్శి

తరచూ జరిగేది అదే. అధికారంలో ఉన్నవాళ్లకు మజ్లిస్ చర్చ తలనొప్పి. కానీ పార్టీ మారాక వాళ్లు ఇంటికి పోతారు, నింద మన ఖాతాలో ఉండిపోతుంది. కాబట్టి పట్టుబట్టాల్సింది మనమే.

#16 నిర్వాహకుడు

బాయ్‌కాట్ పేరుతో ఒక మతాన్ని తిడుతూ వచ్చిన రెండు వ్యాఖ్యలు తీసేశాం. విషయం మీద ఎంత గట్టిగానైనా వాదించుకోండి.

#17 నిప్పురవ్వ

తిట్టడం నాకూ నచ్చదు. కానీ 2024 జనవరిలో వాళ్ల ఉపమంత్రులు ముగ్గురు మన ప్రధాని లక్షద్వీప్ యాత్ర మీద నోటికొచ్చినట్టు రాశారు. మనవాళ్లు టికెట్లు రద్దు చేసుకున్నారు. ఆ తర్వాతే కదా దారికొచ్చారు? జనం చేసిన ఒత్తిడిని ఇక్కడ ఎవరూ లెక్కలోకి తీసుకోవట్లేదు.

#18 లెక్కలపుస్తకం

లెక్కలోకి తీసుకుందాం. 2023లో మన పర్యాటకులు 2.09 లక్షల మంది, దేశాలవారీగా మొదటి స్థానం. 2024లో 1.3 లక్షలు. దెబ్బే. కానీ మొత్తం పర్యాటకులు అదే 2024లో పెరిగి 20 లక్షలు దాటారు. మొదటి స్థానంలోకి చైనా వచ్చింది. అంటే మనం ఖాళీ చేసిన గదుల్లోకి, మనం ఎవరు రాకూడదనుకుంటామో వాళ్లే వచ్చారు.

ఇంకో సంగతి. ఆ ముగ్గురినీ మాలే ప్రభుత్వం వెంటనే సస్పెండ్ చేసింది, అవి ప్రభుత్వ అభిప్రాయాలు కావంది. అక్కడితో ఆగిపోవాల్సిన గొడవ రెండు నెలలు లాగింది. దెబ్బ తగిలింది ఎక్కువగా అతిథిగృహాలకు, టాక్సీలకు, చిన్న హోటళ్లకు. మన మీద ద్వేషం లేని వర్గం అదే.

#19 నిప్పురవ్వ

మొత్తం పెరిగిన సంగతి ఒప్పుకుంటాను. అయినా అవమానానికి జవాబు ఉండాలిగా. ఎవరూ ఏమీ అనకపోతే రేపు ఇంకో మంత్రి రాస్తాడు.

#20 పాతదస్త్రం

జవాబు ఇచ్చారు. వాళ్ల హైకమిషనర్‌ను విదేశాంగ శాఖకు పిలిపించి నిరసన తెలిపారు. దానికి ఉన్న పద్ధతి అదే. రాజ్యం ఆ గీత దాటలేదు కాబట్టే ఆరు రోజుల తర్వాత, జనవరి 14న, కోర్ గ్రూప్ భేటీ అనుకున్నట్టే జరిగింది. హ్యాష్‌ట్యాగులు నడుస్తుండగానే ఆ గదిలో తేదీలు మాట్లాడుకున్నారు.

#21 ఉప్పుగాలి

పార్టీల సంగతి రాజాంవైపు గారు ఎత్తారు కాబట్టి ఇంకొంచెం. మనకు అక్కడ "మనవాడు", "చైనావాడు" అని ముద్ర వేసే అలవాటుంది. 1988 నవంబర్ 3న అప్పటి అధ్యక్షుడు గయూమ్‌ని తిరుగుబాటు నుంచి కాపాడటానికి ఆగ్రా నుంచి పారాట్రూపర్లని దింపాం. అద్దె సైనికులు పారిపోతున్న ఓడను ఐఎన్‌ఎస్ గోదావరి పట్టుకుంది. పని కాగానే ఎక్కువమంది వెనక్కి వచ్చేశారు. అదే సమయంలో శ్రీలంకలో మన శాంతిసేన 1987 నుంచి 1990 దాకా ఇరుక్కుపోయింది. రెండు చోట్లా పిలిస్తేనే వెళ్లాం. పని హద్దు, తిరుగు తేదీ ఒక చోట స్పష్టంగా ఉన్నాయి, రెండో చోట లేవు. మొదటిది నేటికీ మంచి పేరుగా మిగిలింది.

2014 డిసెంబర్ 4న మాలే నిర్లవణీకరణ కర్మాగారంలో మంటలు లేచి లక్ష మందికి పైగా జనానికి తాగునీరు ఆగిపోయింది. అప్పుడున్నది యమీన్, మన "శత్రువు". మర్నాడే వైమానిక దళం నీళ్లు మోసింది, తర్వాత నౌకాదళ ఓడలు వెళ్లాయి. ఎవరి ప్రభుత్వమని చూడలేదు. తర్వాతి ఏడాది నషీద్ అరెస్టుతో మన ప్రధాని పర్యటన రద్దయింది, అది వేరే కథ.

ఆచరణలో కావాల్సింది: హైకమిషన్‌లో ప్రతిపక్షంతో మాట్లాడటం ఒకరి నిత్య బాధ్యతగా ఉండాలి. ఎన్నికలకు ఆరు నెలల ముందు కాదు, ఓడిపోయిన మర్నాటి నుంచి. జనం నివసించే దీవులు 190 దాకా ఉన్నాయి. చాలావాటిలో వెయ్యి మంది కూడా ఉండరు, ఒక అంబులెన్సో, మంచినీటి గొట్టమో ఊరంతటికీ కనిపిస్తుంది. 28 దీవుల నీటి, మురుగు పథకాలు మన రుణంతో పూర్తయి 2024 ఆగస్టులో అప్పగించారు. వాటి మీద రాజకీయం నడవదు.

#22 గోదారిగట్టు

సరే, నేను కొంచెం మెత్తబడ్డాను. కానీ పెద్ద ప్రాజెక్టుల మాటేమిటి? మాలే వంతెన ఎన్నేళ్లుగా కడుతున్నారు?

#23 లెక్కలపుస్తకం

2020 ఆగస్టులో ప్రకటన: 40 కోట్ల డాలర్ల రుణం, 10 కోట్ల గ్రాంటు. మాలే నుంచి విల్లింగిలి, గుల్హిఫల్హు మీదుగా థిలఫుషి దాకా 6.74 కిలోమీటర్లు. కాంట్రాక్టు 2021 ఆగస్టులో. అనుకున్న గడువులు దాటిపోయాయి.

ఎందుకు ఆలస్యమంటే, ముందుగా రుణం షరతులు. మన ఎగ్జిమ్ (ఎగుమతి-దిగుమతి) బ్యాంక్ రుణాల్లో సాధారణంగా 75 శాతం వస్తువులు, సేవలు మన దేశం నుంచి కొనాలి, నిర్మాణ పనులకు కొంత సడలింపు ఉంటుంది. సిమెంటు, ఉక్కు, యంత్రాలు అన్నీ ఓడలో రావాలి, నైరుతి రుతుపవనాల నెలల్లో సముద్రం మీద పని నెమ్మదిస్తుంది. రెండోది పగడపు దిబ్బలు. 2023లో విల్లింగిలి దగ్గర పని వేదిక కొట్టుకొచ్చి దిబ్బ దెబ్బతింది, అక్కడి పర్యావరణ సంస్థ భారీ జరిమానా వేసింది. ఆ ఫొటోలు ఎన్నికల ఏడాదిలో వచ్చాయి. మూడోది, ప్రకటనలో గడువు చెప్పడంలో తొందర. చైనా వంతెన 2018లో పూర్తయి కళ్లెదుట ఉంది. పక్కనే మన స్తంభాలు సగంలో నిలబడితే పోలిక జనం రోజూ చేసుకుంటారు. ఆలస్యం తప్పనప్పుడు మూడు నెలలకోసారి ఎంత అయింది, ఏది ఆగింది అని వాళ్ల భాషలో చెప్పాలి. అది కూడా సరిగా జరగలేదు.

హుల్హుమాలేలో 3,300 ఇళ్లు 2025 జులైలో అప్పగించారు. జనానికి తాళంచెవి చేతికొచ్చే పని అది, వంతెనకన్నా త్వరగా మార్పు కనిపిస్తుంది.

#24 మినీకాయ్‌గాలి

అందరూ ఢిల్లీ, మాలే అంటున్నారు. లక్షద్వీప్‌లోని మన మినీకాయ్ దీవి మాటేమిటి? అక్కడివాళ్లు మాట్లాడే మహల్, ధివేహి ఒకే భాష. మాల్దీవుల ఉత్తర కొసకు దూరం 70 నాటికల్ మైళ్లు మాత్రమే. 1976 సముద్ర సరిహద్దు ఒప్పందంతో మినీకాయ్ ఎవరిదన్న మాట ముగిసింది, దాని మీద నేటికీ గొడవ లేదు. పెద్ద దేశం, చిన్న దేశం కూర్చుని గీత గీసుకుని మళ్లీ ఎత్తకపోవడం మన ప్రాంతంలో అరుదు. అయినా ఆ రెండు దీవుల మధ్య మామూలు జనానికి నేరుగా పడవ లేదు. భద్రత కారణాలు నాకు తెలుసు. కానీ ధివేహి మాట్లాడే మన పౌరులుండగా, మాలే హైకమిషన్ ప్రకటనలు సగం ఆంగ్లంలోనే ఉండటం ఏం తెలివి?

#25 ఉప్పుగాలి

పడవ అంటే గుర్తొచ్చింది. 2020 సెప్టెంబర్‌లో తూత్తుకుడి, కొచ్చి నుంచి కుల్హుధుఫుషి మీదుగా మాలేకి సరుకు ఓడ మొదలుపెట్టారు. ఉత్తర దీవులవాళ్లకు మాలే చుట్టు తిరగకుండా ఉల్లి, సిమెంటు నేరుగా చేరాలని. మంచి ఆలోచన. చిక్కు ఎక్కడంటే తిరుగు ప్రయాణంలో నింపుకోవడానికి చేపలు తప్ప పెద్దగా సరుకు లేదు, వాటికీ శీతల కంటైనర్లు కావాలి. ఖాళీగా తిరిగొచ్చే ఓడకు ఎవరో ఒకరు నష్టం పూడ్చాలి. ఆ సొమ్ము ఎవరి బడ్జెట్‌లో, ఎన్నేళ్లు అన్నది మొదట్లోనే రాసుకోవాలి. 2025లో స్వేచ్ఛా వాణిజ్య చర్చలకు విధివిధానాలు ఖాయం చేశారు కదా, ట్యూనా మీద మన సుంకం అక్కడ ఎంతకు దిగుతుందో చూడాలి. అది దిగితే తిరుగు ఓడలో సరుకు ఉంటుంది.